జెండా లేని బొమ్మల కథ కావలెను

కావలెను: ఒక బొమ్మల పుస్తకం. అందులో కథ మాత్రమే ఉండవలెను. రాజకీయం వాసన సైతం సోకరాదు. వీరుడు ఉండవచ్చును. విలన్ తప్పనిసరి. తన్నులు ఎన్నయినా ఫరవాలేదు. ఎవరు ఎవరిని ఏ పాపానికి తన్నుచున్నారో మాత్రం అడగరాదు, చెప్పరాదు.

ఈ ప్రకటన ఏ పేపర్లోనూ పడలేదు. పడనక్కర్లేదు కూడా. కామిక్స్ చదివే నలుగురు ఎక్కడ చేరినా దీన్ని కంఠతా అప్పజెప్పే పెద్దమనిషి ఒకాయన అక్కడ ఉండనే ఉంటాడు. నలభై అయిదు దాటిన మనిషి. ఉద్యోగం గచ్చిబౌలిలోనో, డాలస్‌లోనో. చిన్నప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం ఎండలో గొంతుక్కూచుని పాత ఫాంటమ్ పుస్తకాలు బేరమాడి కొన్న ఘనుడు. ఇప్పుడు పిల్లలకు ఏదైనా కొనిపెడదామని వెళ్తే ఆయనకు అంతా కంపరమే. "మా రోజుల్లో కథలుండేవండీ! ఇప్పుడు ఏ పుస్తకం తెరిచినా క్లాసు పీకుతున్నారు."

ఆయన గోడులో సగం నిజం ఉంది. దాని సంగతి తర్వాత. ముందు ఆ ‘మా రోజుల్లో’ ఏముందో చూద్దాం.

ఆయన ప్రాణం పెట్టిన ఫాంటమ్‌నే తీసుకోండి. 1936లో లీ ఫాక్ మొదలుపెట్టిన కథ. అడవి నడుమ పుర్రె ఆకారంలో ఒక గుహ, అందులో సింహాసనం, దాని మీద తెల్లవాడు. తండ్రి పోతే కొడుకు, కొడుకు పోతే వాడి కొడుకు, నాలుగు వందల ఏళ్ళుగా చుట్టుపక్కల తెగలన్నిటికీ వీళ్ళే తీర్పులు చెబుతుంటారు. గుహకు కాపలా ఒక మరుగుజ్జు తెగది. ఓటు లేదు, వాయిదా లేదు, అప్పీలు అంతకన్నా లేదు. తెల్లదొర ఓడెక్కి వెళ్ళిపోయి పట్టుమని పదిహేడేళ్ళు కాకముందే, 1964లో, ఇంద్రజాల్ కామిక్స్ ఈ కథను మన చేతిలో పెడితే ‘ఆహా, ఎంత చక్కని అడవి కథ’ అని కళ్ళకద్దుకున్నాం. ఇందులో రాజకీయం ఉందని మనకు తట్టలేదు గానీ, అచ్చువేసేవాళ్ళకు తట్టింది. కథ జరిగే దేశం పేరు మన బెంగాల్‌కు మరీ దగ్గరగా ఉందని కాబోలు, దాన్ని డెంకాలీ చేశారు. ఫాంటమ్ తండ్రిని చంపిన దుర్మార్గుడి పేరు రామా అని ఉంటే, దాన్ని రామాలు అని దిద్దారు. ఒక్క అక్షరంతో మతకలహం తప్పించిన ఆ అజ్ఞాత ఉపసంపాదకుడికి నా నమస్కారం. పెద్దమనిషి ఆ పుస్తకాన్ని అణాపైసలతో సహా గుర్తుపెట్టుకున్నాడు, ఆ దిద్దుబాటును తప్ప.

పోనీ సూపర్‌మ్యాన్ అమాయకుడా? 1938 జూన్ సంచికలో పుట్టినవాడు. గ్రహాంతరాల రాక్షసులతో యుద్ధాలన్నీ ఆ తర్వాత వచ్చిన సంబరాలు. మొదటి సంచికలో మనవాడు చేసిన పనులేమిటంటే: ఉరికంబం ఎక్కబోతున్న నిరపరాధిని కాపాడటానికి అర్ధరాత్రి గవర్నరు ఇంటి ఉక్కు తలుపు పెకలించాడు. పెళ్ళాన్ని కొడుతున్నవాడికి దేహశుద్ధి చేశాడు. వాషింగ్టన్ వెళ్ళి, సెనేటర్‌ను చెప్పుచేతల్లో పెట్టుకున్న ఒక లాబీయిస్టును చంకన పెట్టుకుని తీగల మీద పరుగెత్తి వాడిచేత కేకలు పెట్టించాడు. మూడో సంచికకు వచ్చేసరికి, రక్షణ ఏర్పాట్లు చెయ్యని గని యజమానినీ, వాడి విందుకొచ్చిన కలవారినీ అదే గనిలో ఇరికించి, పార చేతికిచ్చి, తవ్వుకోండి అన్నాడు. కార్మిక సంఘం నాయకుడికి ఎగిరే విద్య వస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాడు. దీన్ని ఈ నెల కొత్త పుస్తకంగా అట్ట మార్చి పెద్దమనిషి చేతికిస్తే మూడో పేజీలోనే విసిరికొడతాడు, ‘సూపర్‌మ్యాన్‌ను కూడా చెడగొట్టారు’ అని.

కెప్టెన్ అమెరికా మొదటి సంచిక అట్ట మీదే హిట్లర్ దవడ పగలగొట్టాడు. 1941 మార్చి అని తేదీ వేసుకున్నా, ఆ పుస్తకం 1940 డిసెంబరులోనే అంగళ్ళకొచ్చింది. అప్పటికి అమెరికా యుద్ధంలోకి దిగలేదు, పెర్ల్ హార్బర్‌కు ఇంకా దాదాపు ఏడాది ఉంది. గీసినవాళ్ళు జో సైమన్, జాక్ కర్బీ. ఇద్దరూ వలసొచ్చిన యూదుల బిడ్డలు. బెదిరింపులు వచ్చాయి. న్యూయార్క్ మేయర్ లా గార్డియా ఫోన్ చేసి మీకేం భయం లేదని ధైర్యం చెప్పాడని సైమన్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ రోజుల్లోనూ ఒక పెద్దమనిషి ఉండే ఉంటాడు, ‘పిల్లల పుస్తకంలో విదేశాంగ విధానం దేనికండీ’ అని.

టిన్‌టిన్? 1929లో ఆ కుర్రవాడిని మొట్టమొదట రైలెక్కించిందే సోవియట్ రష్యాను తిట్టించడానికి. ఆ కథ గీసిన హెర్జేకే నచ్చక, తక్కినవాటిలా మళ్ళీ గీయడానికి చెయ్యి రాలేదు. అయిదేళ్ళ తర్వాత చైనాకు పంపాడు. జపాన్ దురాక్రమణను పూసగుచ్చినట్టు చూపించాడు. జపాన్ దౌత్యవేత్తలు ఫిర్యాదు చేశారు. రాజకీయం తగ్గలేదు, ఇంకా చిక్కబడింది. కథ మాత్రం పదింతలు బాగుపడింది. ఈ ముక్క ఒక్కటి గుర్తుంచుకోండి, దీనితో పని పడుతుంది.

పెద్దమనిషి కలలుగన్న స్వర్గం మాత్రం ఒకప్పుడు నిజంగానే భూమ్మీద వెలిసింది. 1954లో అమెరికాలో కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తున్నాయని గోల రేగి, సెనేట్ దాకా వెళ్ళి, చివరికి ప్రచురణకర్తలే భయపడి తమకు తాము ఒక కోడ్ రాసుకున్నారు. అట్ట మీద ఆ ముద్ర లేకపోతే చాలా పుస్తకాలకు దుకాణానికి చేరే దారే లేదు. ప్రతిసారీ మంచే గెలవాలి. పోలీసులు, జడ్జీలు, ప్రభుత్వాధికారుల మీద గౌరవం తగ్గేలా ఒక్క గీత గీయకూడదు. ఇది రాజకీయం కాదట! సర్కారును ఏమీ అనకూడదనడం శీలం, అనడం రాజకీయం.

ఆ స్వర్గద్వారం దగ్గర జరిగిన ఒక తగువు చెప్పి తీరాలి. ఈసీ కామిక్స్ అనే చిన్న కంపెనీ 1956లో వెయ్యాలనుకున్న ఒక కథను కోడ్ కార్యాలయం కుదరదంది. సరేనని దాని స్థానంలో మూడేళ్ళ కిందటి పాత కథ పెట్టారు. పేరు ‘జడ్జిమెంట్ డే’. రాసింది అల్ ఫెల్డ్‌స్టీన్, గీసింది జో ఆర్లాండో. భూమి నుంచి ఒక ప్రతినిధి, తలకు హెల్మెట్, రోబోల గ్రహానికి తనిఖీకి వెళ్తాడు. మా గ్రహాన్ని మీ నక్షత్ర కూటమిలో చేర్చుకోండి అని వాళ్ళ విన్నపం. నారింజ రంగు రోబో ఒకటి ముచ్చటపడి ఊరంతా తిప్పి చూపిస్తుంది. ఫ్యాక్టరీలో రోబోలన్నీ ఒకే ఇనుముతో, ఒకే తీగలతో తయారవుతాయి. ఆఖర్న తొడిగే తొడుగు మాత్రం కొందరికి నారింజ, కొందరికి నీలం. నీలం రోబోలకు వేరే పేట. బస్సులో వెనక సీట్లు. ప్రతినిధి పెద్ద ఉపన్యాసమేమీ దంచడు. మీకింకా వేళ కాలేదు అని చెప్పి ఓడెక్కుతాడు. చివరి బొమ్మలో హెల్మెట్ తీస్తాడు. నల్లజాతి మనిషి. నుదుటి మీద చెమట చుక్కలు.

అంతే కథ. కోడ్ అధికారి చార్లెస్ మర్ఫీ, పూర్వాశ్రమంలో జడ్జి గారు, ఆ మనిషి నల్లవాడు కాకూడదన్నాడు. కథంతా ఉన్నదే ఆ ఒక్క బొమ్మ కోసం మహాప్రభో అంటే, కనీసం ఆ చెమట చుక్కలైనా తీసెయ్యమన్నాడు. యజమాని బిల్ గేన్స్ ససేమిరా అన్నాడు. పత్రికలవాళ్ళకు చెబుతానని బెదిరించి, చుక్కలతో సహా అచ్చేసి, ఆ సంచికతోనే తన కామిక్ పుస్తకాల దుకాణం కట్టేసుకుని, మ్యాడ్ పత్రికతో బతికాడు. నా ఉద్దేశంలో కామిక్స్ చరిత్ర మొత్తంలో ఇంతకన్నా రాజకీయమైన బొమ్మ లేదు. ఇంతకన్నా మంచి కథనం కూడా అరుదే. చివరి పేజీ దాకా ఒక తొడుగు దాచిపెట్టి, సరైన క్షణంలో తీయడం. కథ చెప్పడం అంటే అదే గదా!

ఈ చరిత్రంతా చెబితే పెద్దమనిషి చెవిన పెట్టడు. ఆయన దగ్గర రాజకీయాన్ని పసిగట్టే యంత్రం ఒకటుంది. తనకు అలవాటైన రాజకీయం ఎంత పెట్టినా అది కూయదు. పుర్రె గుహలో తెల్లరాజుకు కూయలేదు చూశాం. వీరుడి ఒంటి రంగు మారిందా, వీరనారి నడుం చుట్టుకొలత మనిషి నడుం అంత అయిందా, కుయ్యో మొర్రో! 2014లో జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబం పిల్ల కమలా ఖాన్ మిస్ మార్వెల్ అయినప్పుడు అట్ట చూసే కూసింది. లోపల ఉన్నదేమిటి? నాన్న వద్దన్న పార్టీకి దొంగచాటుగా వెళ్ళిన అమ్మాయి గోల. శక్తి రాగానే తెల్లని చర్మం, బంగారు జుట్టు ఉన్న పాత నాయికలా మారిపోయి, ఆ ఇరుకు బట్టల్లో ఊపిరాడక అవస్థపడుతుంది. అమెరికాలో పెరుగుతున్న మన తెలుగు పిల్ల చదివితే పక్కింటి కథలాగే ఉంటుంది. మన పెద్దమనిషి కూతురే చదువుతోందేమో, ఆయనకు తెలియకుండా.

అమెరికావాళ్ళు చెడిపోయారని తేల్చేసి ఆయన జపాన్ పడవెక్కాడు. "మాంగా చదవండి సార్. అక్కడ పాలిటిక్స్ లేవు, అచ్చంగా కథే!" ఆయన నెత్తిన పెట్టుకున్నది 1997 నుంచి నడుస్తున్న వన్ పీస్. సరే, అందులో ఏముంది? ప్రపంచ ప్రభుత్వం ఒకటి ఉంది. అది నూరేళ్ళ చరిత్రను చెరిపేసింది, ఆ నూరేళ్ళ గురించి చదవడం నేరమంది. ఒహారా అనే దీవిలో పండితులు దొంగచాటుగా చదువుతున్నారని యుద్ధనౌకలు పంపి దీవిని బూడిద చేసింది. ప్రాణాలరచేత పట్టుకుని పారిపోతున్న జనం ఓడను కూడా వదల్లేదు. బతికి బయటపడింది ఎనిమిదేళ్ళ రాబిన్ ఒక్కతే, ఆ పిల్ల తలకు వెల కట్టారు. ఆమె పెద్దదై పట్టుబడ్డాక, విడిపించడానికి వచ్చిన కథానాయకుడు లూఫీ ఎదురుగా ఆ ప్రభుత్వ జెండా ఎగురుతుంటుంది. అతను చరిత్ర రచనా స్వాతంత్ర్యం మీద ప్రసంగించడు. ఆ జెండాను కాల్చెయ్యి అని పక్కవాడితో అంటాడు. నిప్పు గుండు దూసుకుపోతుంది. జెండా మండుతుంది. అప్పటిదాకా నన్ను చావనివ్వండి అంటున్న రాబిన్ బతకాలనుందని ఏడుస్తూ అరుస్తుంది.

ఇది చదివి పెద్దమనిషి కళ్ళు తుడుచుకుని అన్నమాట: "చూశారా, ఇదండీ కథంటే! పాలిటిక్స్ ఊసే లేదు." తగలబడింది సర్కారు జెండా. తగవు చరిత్ర పుస్తకాల మీద. ఈయన ఏ దేశంలో కాపురం ఉంటున్నాడో, పేపరు చదువుతాడో లేదో, అడగాలంటే నాకే మొహమాటమేసింది.

ఇక నిజమైన సగం. ఈ పెద్దమనిషిని ఇంతవాణ్ణి చేసింది ఎవరయ్యా అంటే, ఆవు వ్యాసం రచయితలు. చెట్టు గురించి రాయమన్నా ఆ చెట్టుకు ఆవును కట్టేసి ఆవు గురించే రాసే బాపతు. 1970లో గ్రీన్ లాంటర్న్ 76వ సంచికలో డెన్నీ ఓనీల్, నీల్ ఆడమ్స్ ఒక గొప్ప పేజీ చేశారు: ముసలి నల్లజాతి మనిషి ఒకడు, ఏవేవో రంగుల గ్రహాంతరవాసులకు సాయం చేశావు, మా రంగువాళ్ళకేం చేశావని వీరుణ్ణి నిలదీస్తాడు, మహావీరుడు తల దించుకుంటాడు. బాగుంది. ఆ పేజీకి చప్పట్లు పడ్డాక పాపం ఆగలేకపోయారు. సంచికకొక సమస్య. ఈ సంచికలో కాలుష్యం, పై సంచికలో జనాభా. జంటవీరుడు గ్రీన్ యారో విల్లు ఎక్కుపెట్టడం తగ్గించి నోరు ఎక్కుపెట్టాడు. 1972లో 89వ సంచికతో అంగడి మూసేశారు. సదుద్దేశం ఉంటే చాలు, సంభాషణ అదే కుదురుకుంటుందని నమ్మినవాళ్ళలో వీళ్ళు మొదటివాళ్ళు కారు, చివరివాళ్ళు అసలే కారు.

ఓనీల్‌కు కనీసం చెయ్యి తిరిగిన గీత తోడుంది. 2020 మార్చిలో మార్వెల్ కొత్త వీరుల్ని ప్రకటించింది చూడండి, అది కళాఖండం. ఒక కవల జంట. పేర్లు స్నోఫ్లేక్, సేఫ్‌స్పేస్. అమెరికాలో కుర్రకారును సుకుమారులని ఎద్దేవా చేసేందుకు వాడే తిట్లు రెండూ. తిట్టునే కిరీటంగా పెట్టుకుంటారన్నది ఎత్తుగడ. ఒకరు మంచు రేకుల్లాంటి ఆయుధాలు విసురుతారు, ఇంకొకరు రక్షణ వలయం పన్నుతారు. కుడివాళ్ళూ నవ్వారు, ఎడమవాళ్ళూ నవ్వారు, ఆ వీరులు ఎవరికోసం పుట్టారో వాళ్ళు మరీ నవ్వారు. పుస్తకం దుకాణం మొహం చూడకుండానే మాయమైంది. వర్గాలన్నిటినీ ఒక్కతాటి మీదికి తెచ్చిన ఘనత మాత్రం దానిదే.

ఇది ఎడమచేతి వాటం జబ్బేననుకుంటే పొరపాటు. ఫ్రాంక్ మిల్లర్ ఉన్నాడు. 1986లో ఆయన డార్క్ నైట్ రిటర్న్స్‌లో ముసలి బ్యాట్‌మ్యాన్‌ను బరిలోకి దించాడు. దాన్నిండా రాజకీయమే. అధ్యక్షుడు అచ్చం రీగన్, సూపర్‌మ్యాన్ ఆయన చెప్పినట్టల్లా ఆడే ప్రభుత్వ నౌకరు. ఒక పేజీలో అమెరికా జెండా రెపరెపలాడుతూ, బొమ్మబొమ్మకూ దగ్గరవుతూ, చారలు వంపు తిరిగి చివరికి సూపర్‌మ్యాన్ ఛాతీ మీది గుర్తుగా మారిపోతుంది. ఆ బొమ్మే చాలు. ఎవరు ఎవరి మనిషో చెప్పేశాడు. అదే మిల్లర్ ఇరవై అయిదేళ్ళ తర్వాత, 2011లో, హోలీ టెర్రర్ తెచ్చాడు. బ్యాట్‌మ్యాన్‌తో అల్ ఖైదాను కొట్టించాలని మొదలుపెట్టి, చివరికి బ్యాట్‌మ్యాన్‌కు బదులు ఇంకో ముసుగువాణ్ణి పెట్టి వదిలాడు. ఇది ప్రచారమేనని ముందే ఆయనే చెప్పాడు కూడా, ఆ నిజాయితీకి మార్కులు వేద్దాం. చదివితే గోడమీద నినాదం రాసి, కింద తారు ఒలకబోసినట్టుంటుంది. చెయ్యి అదే, సిరా అదే, రాజకీయం రెంటిలోనూ మోతాదు మించే ఉంది. ఒకదాంట్లో పాఠకుడికి కళ్ళున్నాయని నమ్మాడు, రెండోదాంట్లో చెవులు మాత్రమే ఉన్నాయనుకున్నాడు.

మనకిది కొత్త సంగతేం కాదు. చందమామ కామిక్ కాదు, కథల పత్రిక, ఆ తేడా నాకూ తెలుసు, అయినా చెప్పాలి. పెద్దమనిషి ‘స్వచ్ఛమైన కథలు’ అని తలుచుకుని కళ్ళు మూసుకునే ఆ చందమామను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా నడిపింది కొడవటిగంటి కుటుంబరావు. మార్క్సిస్టు. విరసంతో నడిచినవాడు. ఆయన నెలనెలా దయ్యాలనూ రాజులనూ మన ఇంటికి పంపాడు. చేత కత్తి, భుజాన శవం వేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గీసిన బొమ్మ ఎవరికి గుర్తులేదు? ఆ శవంలోని బేతాళుడు వేసే ప్రశ్న ప్రతిదీ న్యాయాన్యాయాల తగువే: దోషి రాజా, మంత్రా, దొంగా? ఇంతకన్నా రాజకీయం ఏముంటుంది! కానీ బేతాళుడు జవాబు కూడా తనే చెప్పి, ఆపైన మూడు పేజీలు క్లాసు పీకి ఉంటే, శవం బరువుకు చలించని విక్రమార్కుడు ఆ మాటల బరువుకు చతికిలబడేవాడు.

అందుకని, కథ కావాలనే ప్రాణాలకు నాకు తెలిసిన చిట్కా. దుకాణంలో నిలబడి ఏదో ఒక పేజీ తెరవండి. మాటల బెలూన్లన్నీ అరచేత్తో మూసెయ్యండి. ఎవరు ఎవరికి భయపడుతున్నారు, ఎవరు అబద్ధమాడుతున్నారు, ఎవరి కాళ్ళు పారిపోవడానికి సిద్ధంగా ఉన్నాయి, ఈ మాత్రం బొమ్మే చెబితే కొనండి. అరచెయ్యి సరిపోక రెండో చెయ్యి, పక్కవాడి చెయ్యి అరువు తేవాల్సొస్తే తిరిగి అరలో పెట్టెయ్యండి, అందులోని రాజకీయం మీదే అయినా సరే. మీదే అయితే మరీను.

ఈ పరీక్షకు నిలబడేవి దండిగా ఉన్నాయి. 1984 నుంచి స్టాన్ సకాయ్ గీస్తున్న ఉసాగి యోజింబో, సమురాయ్ కుందేలు కథ: కత్తి దెబ్బకు ఎవరైనా చస్తే నోట్లోంచి బుల్లి పుర్రె ఉన్న బెలూన్ తేలుతుంది, ప్రాణం పోయిందనడానికి అంతకన్నా పొదుపైన వాక్యం నేను చూడలేదు. కార్ల్ బార్క్స్ బాతులు: చతురస్రపు గుడ్ల కోసం డొనాల్డ్ బాతు పెరూ కొండలెక్కిన 1949 కథకు ఏ వయసువాడైనా నవ్వుతాడు. ఆ బాతుల కామిక్స్‌లో అమెరికా సామ్రాజ్యవాదాన్ని కనిపెట్టి 1971లో చిలీలో ఇద్దరు పండితులు ఏకంగా పుస్తకమే రాశారు. రెండేళ్ళకు సైనిక నియంతృత్వం వచ్చి ఆ పుస్తకాన్ని సముద్రంలో పారేయించింది. పుస్తకం మునిగింది, బాతులు మాత్రం హాయిగా ఈదుకుంటున్నాయి.

ఇంకా నమ్మకం కుదరని పెద్దమనిషికి నా దగ్గర మిగిలింది ఒకటే, జెఫ్ స్మిత్ గీసిన బోన్. 1991 నుంచి 2004 దాకా నడిచింది. ఊరు తరిమేసిన ముగ్గురు అన్నదమ్ముల పిల్లలు, తెల్లగా గుండ్రంగా ముగ్గుపిండి ముద్దల్లా ఉంటారు, దారితప్పి ఒక లోయలో పడతారు. లోయలో డ్రాగన్ ఉంది, ఆవులతో పోటీగా పరుగెత్తే ముసలమ్మ ఉంది, ఎలుక రాక్షసులున్నాయి. జెండా లేదు, మైకు లేదు. ఇదీ అచ్చమైన కథ అని నేను గుండె మీద చెయ్యి వేసుకుని ఇవ్వబోతుండగా తెలిసిందేమిటంటే, 2013లో అమెరికా గ్రంథాలయాల నుంచి తీసెయ్యాలని జనం ఎక్కువగా ఫిర్యాదు చేసిన పది పుస్తకాల్లో బోన్ కూడా ఉంది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ జాబితాలో కారణాలు కూడా రాసి ఉన్నాయి. మొదటి కారణం: రాజకీయ దృక్పథం.

అందులో ఇద్దరు ఎలుక రాక్షసులు ఎప్పుడూ కాట్లాడుకుంటూ ఉంటారు. దొరికిన పిల్లవాణ్ణి గుడ్లూ జున్నూ కలిపి కాల్చి నాజూగ్గా తిందామని ఒకడు, రాక్షసులం మనకా సోకులేమిటి, పచ్చిగానే మింగుదామని రెండోవాడు. వీళ్ళిద్దరిలో ఎవడు ఏ పార్టీయో ఆ ఫిర్యాదు పెట్టినాయనకే తెలియాలి. పెద్దమనిషి కనుక్కుని చెబుతానన్నాడు.